నల్లకళ్ళ సూజన్‌ను పెంచి చూద్దాం

పొద్దుతిరుగుడు పువ్వు మీకు తెలుసు. దానిని అరచేతిలో ఇమిడేంతగా కుదించి, నడుమ నల్లగోధుమ రంగు బొడిపె ఉంచితే నల్లకళ్ళ సూజన్ అవుతుంది. ఇంగ్లీషులో ‘బ్లాక్ ఐడ్ సూజన్’ అంటారు. ఉత్తర అమెరికా పచ్చిక మైదానాలలో, బీళ్ళలో తనంత తానే పెరిగే మొక్క ఇది. అక్కడి మేరీలాండ్ రాష్ట్రం 1918లో దీనిని తన రాష్ట్ర పుష్పంగా ఎన్నుకొంది.

దీని శాస్త్రీయ నామం రడ్బెకియా హిర్టా. హిర్టా అంటే లాటిన్ భాషలో నూగు గలది అని అర్థం. ఆకును తడిమితే ఆ పేరు ఎందుకు వచ్చిందో వేళ్ళకే తెలుస్తుంది. విత్తనాలు కొనేటప్పుడు ఈ పేరు చెప్పి అడగండి. ఆఫ్రికాకు చెందిన తున్‌బెర్జియా అలాటా అనే తీగకు కూడా ఇంగ్లీషులో సూజన్ పేరే ఉంది. పేరు నమ్మి కొంటే పొద వేయాలనుకున్న చోట తీగ మొలుస్తుంది!

మన ప్రాంతంలో వానలు తగ్గాక విత్తుకోవడం మేలు. రోజంతా ఎండ తగిలే చోటు, నీరు నిలవని నేల కావాలి. గింజలు చాలా చిన్నవి. వెలుతురు తగిలితే బాగా మొలుస్తాయి కనుక లోతుగా పాతకండి. మట్టి మీద చల్లి, చేత్తో అదిమితే చాలు. ఒకటి రెండు వారాలలో మొలకలు వస్తాయి. నారు కాస్త ఎదిగాక అడుగు దూరానికొకటి చొప్పున నాటండి. ఎరువు ఎక్కువ వేస్తే ఆకు బలిసి, కాడలు సన్నగా సాగి వాలిపోతాయి. బీటి నేలలో పుట్టిన మొక్కకు గారాబం పనికిరాదు. నీరు ఉదయంపూట మొదట్లోనే పోయండి. ఆకులు తడిసి ఉంటే, మొక్కలు ఇరుకుగా ఉంటే తెగుళ్ళు సులభంగా పడతాయి.

పువ్వు విచ్చాక భూతద్దంతో చూడండి. మనం ఒక పువ్వు అనుకొంటున్నది నిజానికి కొన్ని వందల పువ్వుల గుంపు. బంతి, చామంతి కూడా ఇంతే. చుట్టూ ఉన్న పసుపు రేకులు ఒక్కొక్కటీ ఒక కిరణ పుష్పకం. ఇవి గొడ్డువి, గింజ కట్టవు. కీటకాలను పిలవడమే వాటి పని. గింజలిచ్చేవి నడుమ బొడిపెలోని చక్రాభ పుష్పకాలు. ఇవి అంచు నుంచి లోపలికి, వరుస వెంట వరుస విచ్చుతాయి. ఒక పువ్వుకు దారం కట్టి, ఏ రోజు ఏ వరుసలో పుప్పొడి కనిపించిందో రాసుకోండి.

రేకు మన కంటికి దాదాపు అంతా పసుపే. తేనెటీగకు అలా కాదు. అది అతినీలలోహిత కిరణాలను చూడగలదు. రేకు చివర ఆ కిరణాలను తిప్పికొడుతుంది, మొదలు పీల్చుకొంటుంది. అందువల్ల తేనెటీగకు కాంతివలయం మధ్య పెద్ద చీకటి గుండ్రం కనిపిస్తుంది. మకరందం ఉన్నది అక్కడే! మొదట్లో ఆ కిరణాలను పీల్చేవి ఫ్లేవొనాల్ అనే వర్ణకాలని థామస్ ఐస్నర్, ఆయన సహచరులు 1972లో తెలిపారు.

తేనెటీగ రాక తప్పనిసరి. ఈ మొక్క సాధారణంగా తన పుప్పొడితో తాను గింజ కట్టదు. మరో మొక్క పుప్పొడి రావాలి. కాబట్టి ఒక్కటి కాదు, నాలుగైదు నాటండి. మందులు చల్లి తేనెటీగలను తరమకండి.

ఇక తోటమాలి తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఇది అల్పాయుష్షు మొక్క. గింజలు పండించాక తరచు చనిపోతుంది. వాడిన పువ్వులను ఎప్పటికప్పుడు కత్తిరిస్తే కొత్త మొగ్గలు వేస్తూ మరి కొన్నాళ్ళు పూస్తుంది. అన్నీ కత్తిరిస్తే మాత్రం వచ్చే ఏటికి గింజ ఉండదు. అందుకే సీజను చివర నాలుగైదు పువ్వులను కాడమీదే ఎండనివ్వండి. బొడిపె బాగా ఎండాక అరచేతుల మధ్య నలిపితే సన్నని నల్లగింజలు రాలుతాయి. వాటికి ఎగిరే నూగు ఉండదు, గాలికి పోతాయన్న భయం లేదు. ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి, పైన తేదీ రాసి దాచండి.