ఆరోగ్య బీమా: లాటరీ తేల్చిన సంగతి

బీమా లేని పేదవానికి బీమా కల్పించినచో అతని ఆరోగ్యము బాగుపడునా? సమాధానము మేము మొదట తలచినంత సులభము కాదు. బీమా గలవారు సాధారణముగా సంపాదన గలవారే. వారి ఆరోగ్యమునకు కారణము బీమాయో, సంపాదనయో తేల్చుట ఎట్లు?

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రములో 2008లో అనుకోకుండా ఒక మార్గము దొరికినది. పేదల ప్రభుత్వ బీమా పథకమైన మెడికెయిడ్‌లో సుమారు 10,000 మందికే చోటుండగా దాదాపు 90,000 మంది పేర్లిచ్చిరి. ప్రభుత్వము లాటరీ తీసినది. పేరు వచ్చినవారికి, రానివారికి అదృష్టము తప్ప వేరు భేదము లేదు. కావున పరిశోధకులు ఇరువురినీ పోల్చి చూచిరి.

రెండేండ్ల పిమ్మట చూడగా, బీమా పొందినవారు వైద్యుల వద్దకు అధికముగా వెళ్ళుచుండిరి. మధుమేహమును గుర్తించి మందులు వాడుట పెరిగినది. కాని రక్తపోటులోను, కొలెస్టరాల్‌లోను చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. దీనిని పట్టుకొని పథకమే వృథా యన్నవారు కలరు. వారితో మేము ఏకీభవింపజాలము. మానసిక కుంగుబాటు లక్షణములు గలవారు 30 శాతము నుండి సుమారు 21 శాతమునకు తగ్గిరి. ఆదాయములో 30 శాతమునకు మించి వైద్యమునకే వెచ్చింపవలసిన దుస్థితి దాదాపు తొలగిపోయినది. ఇంటిలో ఒకరు మంచము పట్టినపుడు అప్పు కొరకు గడప గడప ఎక్కినవారికి ఈ రెండు అంకెల నడుమ గల సంబంధమును వేరుగా వివరింపనక్కరలేదు.