రాకెట్టు బరువు

బాలబాలికలారా! అమీరుపేటనుండి పంజగుట్టకు బోవు లారీని మీరు దినమును చూచుచున్నారు. దానికి చమురు తఱిగినచో దారిలో పోయించుకొనవచ్చును. ఆ చమురు మండుటకు వలయు ప్రాణవాయువును చుట్టునున్న గాలియే యిచ్చును. రాకెట్టునకు ఈ రెండు వసతులును లేవు. అది ఇంధనమును, దానిని మండించు ప్రాణవాయువును గూడ తానే మోసికొని పోవలెను. ఆ మోతను మోయుటకు మఱికొంత ఇంధనము, దానిని మోయుటకు ఇంకను కొంత కావలెను. పెద్ద రాకెట్లు అంత బరువుగా నుండుటకు కారణమిదియే.

భూమికి దగ్గఱగా దానిచుట్టు తిరుగు వస్తువునకు సెకండునకు సుమారు 8 కిలోమీటర్ల వేగముండవలెను. ఆ వేగమున అమీరుపేటనుండి పంజగుట్టకు రెప్పపాటులో చేరవచ్చును.

మన దేశపు రాకెట్లలో మిక్కిలి బరువైన ఎల్.వి.ఎం.3 బయలుదేరునప్పుడు సుమారు 640 టన్నులు తూగును. అది 2025 డిసెంబరు 24వ తేదీన శ్రీహరికోటనుండి సుమారు 6,100 కిలోల బ్లూబర్డ్ ఉపగ్రహమును మోసికొని పోయెను. భాగహారము చేసి చూడుడు: మొత్తము బరువులో గమ్యము చేరినది నూటికి ఒక పాలు మాత్రమే! తక్కినదానిలో అధికభాగము మార్గమున మండిపోవు ఇంధనము. ఖాళీయైన అంతస్తులు వ్యర్థభారము గావున వానిని ఒక్కొక్కటిగా విడిచివేయుదురు.

ఇంతకంటె పెద్దవియు గలవు. 1969 జూలై 16న అమెరికానుండి చంద్రునివైపు మనుష్యులను గొనిపోయిన సాటర్న్ 5 బరువు సుమారు 2,900 టన్నులు. 2023 ఏప్రిల్ 20న తొలిసారి ఎగసిన స్టార్‌షిప్ బరువు సుమారు 5,000 టన్నులు. ఆ తొలి ప్రయాణములో అది కొన్ని నిమిషములకే నాశమయ్యెను.

ఇట్టి అపజయము మనకును కొత్తది కాదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి ఎగసిన ఎస్.ఎల్.వి.3 సముద్రమున గూలెను. పనివారు అధైర్యపడక లోపమును వెదకిరి. 1980 జూలై 18న అట్టి రాకెట్టే 35 కిలోల రోహిణిని కక్ష్యలో నిలిపెను. నాటి 35 కిలోలే నేడు 6,100 కిలోలైనవి. మన హైదరాబాదు నగరమున స్కైరూట్ సంస్థవారు నిర్మించిన 545 కిలోల విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న 89.5 కిలోమీటర్ల ఎత్తున కెగసెను. భారతదేశమున ప్రైవేటు సంస్థ పంపిన మొదటి రాకెట్టు అదియే.

తలిదండ్రులారా! లెక్కలలో తప్పిన పిల్లవానిని తిట్టుటకు ముందు, ఎక్కడ తప్పెనో వానితో కూర్చుండి వెదకుడు. శ్రీహరికోటలో జరిగిన పనియు అదియే. బాలకులారా, మీ తప్పులను తుడిచివేయకుడు. వానిని పరీక్షించి మరల చేయుడు. నేటి చిన్న లెక్కయే రేపటి పెద్ద బరువును మోయును.