ఋతువిరతి: దశలు, హార్మోను చికిత్స

దుగ్గిరాల పేరు వినగానే పసుపు జ్ఞప్తికి వస్తుంది. దుంప త్రవ్వింది మొదలు పంట మార్కెట్ యార్డుకు చేరే వరకు జరిగే పనిలో స్త్రీల చేతులే అధికం. నడుము వంచి దుంపలు ఏరడం, ఉడికిన పసుపును ఎండలో ఆరబోయడం, కొమ్మును కాయను వేరు చేయడం వారి వంతు. అట్టి శ్రామికురాలి కుమార్తె, మా విద్యార్థిని, ఒకనాడు తరగతి ముగిసిన పిమ్మట సంకోచిస్తూ ఒక ప్రశ్న అడిగినది. ఆమె తల్లికి 33వ యేట ఒక ఆసుపత్రిలో గర్భసంచి తీసివేశారు. నాటి నుండి ఒళ్ళంతా వేడి ఆవిర్లు, రాత్రులు చెమటలు, నిద్రలేమి, అకారణమైన దిగులు. “మా అమ్మకు ముట్లుడిగినట్లా, కానట్లా?” అన్నదే ఆ ప్రశ్న.

మేము వైద్యులము కాము, భాష బోధించేవారము. అయినను ఆ ప్రశ్నను దాటవేయలేకపోయాము. దానికై చదివి, వైద్యులను అడిగి తెలిసికొన్న విషయాలను ఇచ్చట పొందుపరుస్తున్నాము.

మొదట మాటను గురించి ఒక మాట. తెలుగులో ‘ముట్లుడుగుట’ అంటాము. శాస్త్ర గ్రంథాలలో ‘ఋతువిరతి’ అని వ్రాస్తారు. ఉర్దూలో దీనిని ‘సిన్నె యాస్’ అంటారు. ‘యాస్’ అనగా నిరాశ. పదం వినగానే స్త్రీ జీవితమే నిరాశలో పడినదని కొందరు తలుస్తారు. ఖుర్ఆన్‌లోని తలాఖ్ అధ్యాయం 4వ వాక్యం ఈ ధాతువునే వాడినది. అయితే అక్కడ ఆశ వదలుకొన్నది ఋతుస్రావం విషయంలోనే; అట్టి స్త్రీలకు ఇద్దత్ గడువు మూడు మాసాలని నిర్ణయించే సందర్భమది. ఆగినది ముట్టే గాని బ్రతుకు కాదన్న వివేకం ఆ పదంలోనే ఉన్నది.

ఇక దశలు. స్త్రీ అండాశయాలలో పుట్టుకతో వచ్చిన అండకోశాలు వయస్సుతో తరిగిపోతాయి. వాటితోపాటు ఈస్ట్రోజెన్ అనే హార్మోను కూడ తగ్గుతుంది. మొదటిది సంధి దశ. ముట్టు ఒక నెల ముందుగా, ఒక నెల ఆలస్యంగా వస్తుంది. ఒకప్పుడు అధికంగా, ఒకప్పుడు కొద్దిగా అవుతుంది. ఆవిర్లు, చిరాకు, నిద్రలేమి ఈ దశలోనే మొదలు కావచ్చును. ఇది కొన్ని సంవత్సరాలు సాగుతుంది. ఈ కాలంలో గర్భం వచ్చే అవకాశం పూర్తిగా పోదని మరువరాదు. రెండవది ఋతువిరతి. చివరి ముట్టు తరువాత వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతేనే దానిని నిర్ధారిస్తారు. భారతీయ స్త్రీలలో ఇది సగటున 46, 47 ఏండ్ల వయస్సులో, పాశ్చాత్య దేశాలలో 51 ప్రాంతంలో సంభవిస్తుంది. మూడవది ఉత్తర దశ. ఎముకలు గుల్లబారడం, జననాంగం పొడిబారడం, గుండె జబ్బుల ప్రమాదం పెరగడం ఈ దశ లక్షణాలు. ముట్లుడిగి ఏడాది దాటిన పిమ్మట మరల రక్తం కనిపిస్తే అది ముట్టు కాదు; ఆలస్యం చేయక వైద్యురాలికి చూపవలసిన సంకేతం.

ఈ మార్పు 40 ఏండ్లకు పూర్వమే వస్తే అకాల ఋతువిరతి అనీ, 40, 45 మధ్య వస్తే ముందస్తు ఋతువిరతి అనీ వ్యవహరిస్తారు. మన ప్రాంతంలో దీనికి ఒక పెద్ద కారణం శస్త్రచికిత్స. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. రాష్ట్రాలలో ఇదే అత్యధికం. దేశంలో ఆ శస్త్రచికిత్స జరిగిన నడిమి వయస్సు 34 ఏండ్లు. అధిక రక్తస్రావం, తెల్లబట్ట, కాన్సరు వస్తుందన్న భయం, కూలి పనికి ముట్టు అడ్డమన్న తలంపు – వీటిలో అనేకం మందులతో నయమయ్యేవి, లేదా నచ్చజెప్పదగినవి. అనవసర శస్త్రచికిత్సలను అరికట్టే మార్గదర్శక సూత్రాలను కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో రూపొందించగా, డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాహిత వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో వాటిని అమలు పరచవలసిందిగా రాష్ట్రాలను ఆదేశించినది.

ఇచ్చట ఒక భేదం గ్రహించాలి. గర్భసంచిని మాత్రమే తీసి అండాశయాలను ఉంచితే ముట్టు ఆగుతుంది గాని హార్మోను ఆగదు. అయితే అండాశయాలు కొంత ముందుగా అలసిపోవచ్చును. రెండు అండాశయాలను కూడ తీసివేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఇతరులకు ఏండ్ల తరబడి మెల్లగా వచ్చే మార్పు ఆమెకు కొద్ది రోజులలోనే వచ్చి పడుతుంది. మా విద్యార్థిని ప్రశ్నకు సమాధానం ఈ భేదంలోనే ఉన్నది.

లోపించిన హార్మోనును మందు రూపంలో భర్తీ చేయడమే హార్మోను చికిత్స. దీని చరిత్ర ఒడుదుడుకులతో కూడినది. గర్భిణీ గుర్రాల మూత్రం నుండి తీసిన ప్రెమారిన్ 1942లో అమెరికాలో అమ్మకానికి వచ్చినది. (నేడు వాడుకలో ఉన్న ఎస్ట్రడయోల్‌ను మొక్కల నుండి లభించే పదార్థాలతో తయారు చేయగలరు.) ఈస్ట్రోజెన్‌ను ఒంటరిగా వాడితే గర్భసంచి లోపొరలో కాన్సరు ప్రమాదం పెరుగుతుందని 1975లో వెల్లడి కాగా, దానికి ప్రొజెస్టిరోన్ తరగతి మందును జతచేయడం మొదలైనది. 2002 జూలైలో అమెరికాలోని ఒక బృహత్ పరిశోధనలో, 16,608 మంది స్త్రీలపై జరుగుతున్న జంట హార్మోనుల విభాగాన్ని మధ్యలో నిలిపివేశారు. ఏడాదికి ప్రతి 10,000 మందిలో 8 రొమ్ము కాన్సర్లు అదనంగా కనిపించడం ఒక కారణం. ఆ వార్తతో లోకమంతటా స్త్రీలు మందు మానివేశారు. కాని ఆ పరిశోధనలో పాల్గొన్నవారి సగటు వయస్సు 63. ఆ ఫలితాన్ని 35 ఏండ్ల స్త్రీకి అన్వయించడం న్యాయం కాదు.

అందుచేత చికిత్సను ఎన్నుకొనేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసికోవాలి. ఒకటి, గర్భసంచి ఉన్నదా? ఉంటే ఈస్ట్రోజెన్‌తోపాటు ప్రొజెస్టిరోన్ తప్పనిసరి. లేకుంటే సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలును. రెండు, వయస్సెంత? 60 లోపు, లేదా ముట్లుడిగిన పదేండ్లలోపు మొదలుపెట్టినవారికి మేలు ఎక్కువ, కీడు తక్కువ. 45కు పూర్వమే హార్మోను కోల్పోయినవారికి, ఇతర అభ్యంతరాలు లేనిచో, సహజంగా ముట్లుడిగే వయస్సు వరకైనా వాడమని వైద్యులు సలహా ఇస్తారు. అది వారి ఎముకలకు, గుండెకు రక్షణ. మూడు, అభ్యంతరాలున్నవా? రొమ్ము కాన్సరు, కారణం తెలియని రక్తస్రావం, కాలేయ వ్యాధి, గుండెపోటు, పక్షవాతం, నరాలలో రక్తం గడ్డకట్టడం వంటివి ఉన్నవారికి ఈ మందు సామాన్యంగా ఇవ్వరు. నాలుగు, ఏ రూపంలో? చర్మానికి అంటించే పట్టీ, పూసే జెల్ వల్ల మాత్రల కంటె రక్తం గడ్డకట్టే ప్రమాదం తక్కువ. కేవలం జననాంగపు పొడితనానికైతే అక్కడ పూసే మందు చాలును.

హార్మోను పడనివారికి ఆవిర్లు తగ్గించే ఇతర మందులున్నవి. పాలు, రాగులు, ఎండ, నడక ఎముకలకు మేలు చేస్తాయి. అయితే పసుపు ఊరి వారమైనను ఒక సత్యం చెప్పక తప్పదు: వంటింటి పసుపు అండాశయాల లోటును పూడ్చదు. ఒకరి చీటీతో మరొకరు మందు కొనడం అంతకన్న ప్రమాదం.

మా విద్యార్థిని ఇంటికి వెళ్ళి ట్రంకుపెట్టె అడుగున ఆసుపత్రి కాగితాన్ని వెదకి తీసినది. రెండు అండాశయాలను కూడ తీసివేసినట్లు ఇంగ్లీషులో ఒక పంక్తి ఉన్నది. ఆ పంక్తిని ఆ ఇంట అంతవరకు చదివినవారు లేరు, చదివి చెప్పినవారూ లేరు. కుమార్తె ఆ కాగితంతో తల్లిని వైద్యురాలి వద్దకు తీసుకొనిపోయినది. పరీక్షల అనంతరం ఆమెకు ఈస్ట్రోజెన్ చికిత్స మొదలైనది. కొన్ని వారాలకు ఆ తల్లి తెల్లవార్లూ నిద్రపోయినదని విన్నాము.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ తల్లిని, పిన్నిని, ఖాలాను అడగండి. శస్త్రచికిత్స జరిగి ఉంటే ఆ కాగితాన్ని చదివి, ఏమి తీశారో, ఏమి ఉంచారో వారి భాషలో చెప్పండి. దానిని భద్రపరచండి. ఏడాదికి ఒక దినం తల్లులను కళాశాలకు ఆహ్వానించి ఒక వైద్యురాలిచే ఈ విషయమై మాట్లాడించవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి. ఒక పంక్తి చదవగలిగిన బిడ్డ వలన ఒక తల్లికి నిద్ర పట్టినది. చదువుకు ఇంతకన్న సార్థకత మేము వేరే ఎరుగము.