దాచిన వ్యాధి, వచ్చిన జ్వరము

సమస్య

అయ్యా,

మేము సైదాబాదులో చిరకాలముగా కాపురముండువారము. మా వారు ప్రభుత్వోద్యోగము చేసి విశ్రాంతి తీసికొనుచున్నారు. ఆయనకు డెబ్బదియవ యేడు నడుచుచున్నది. రెండేండ్ల క్రిందట మూత్రమునకు ఇబ్బంది కలిగి పరీక్షలు చేయింపగా, ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సరు కలదనియు, అది వెన్నెముకకు సైతము ప్రాకినదనియు డాక్టర్లు చెప్పిరి. నాటినుండి మూడు మాసముల కొకసారి హార్మోను ఇంజక్షను, ప్రతిదినము ఎంజలుటమైడు మాత్రలు వాడుచున్నారు. వ్యాధి అదుపులోనే యున్నది. కాని ఈ సంగతి ఎవ్వరికిని తెలియరాదని నాచేత ఒట్టు వేయించుకొనిరి. బెంగుళూరులోనున్న మా అబ్బాయికి గాని, చంపాపేటలోనున్న మా మరిదికి గాని తెలియదు. రాత్రివేళ ఒడలు వేడెక్కి చెమటలు పట్టి లేచి కూర్చుండుట చూచి కోడలు అడిగినపుడు, షుగరు వలననే యని చెప్పిరి.

గత మాసమున జ్వరము, దగ్గు, ఒళ్ళునొప్పులు వచ్చి పరీక్ష చేయింపగా కరోనా అని తేలినది. మా వీధి డాక్టరుగారితో షుగరు సంగతి చెప్పిరే గాని క్యాన్సరు మాట ఎత్తలేదు. నేను నోరు తెరవబోగా కనుసైగతో వారించిరి. డాక్టరుగారు అయిదు దినములకు మాత్రలు వ్రాసిరి. చీటీమీద నిర్మాట్రెల్‌విర్, రిటోనావిర్ అని యున్నది. జ్వరము తగ్గినది. ఇపుడు ఇంజక్షను గడువు దాటిపోయినది. ఆసుపత్రి జనములోనికి పోయిన మరల కరోనా అంటుకొనునని ఒకసారియు, ఈ ఇంజక్షను పొడిపించుకొన్నవారిని కరోనా ఏమియు చేయజాలదని పత్రికలో చదివితినని ఒకసారియు అనుచున్నారు. ఏది నిజమో నాకు తెలియుట లేదు. ఒట్టు దాటి అబ్బాయితో చెప్పవచ్చునా?

— ఒక సోదరి, సైదాబాదు

సలహా

సోదరీ,

మీరడిగిన వానిలో ఆగరానిది ఇంజక్షను గనుక దానితోనే ఆరంభింతును. దేహములో టెస్టోస్టిరోను అను పురుష హార్మోను పుట్టకుండ ఆపుటయే ఆ మందు చేయు పని. ప్రోస్టేటు క్యాన్సరు ఆ హార్మోను నాశ్రయించి పెరుగుననియు, దానిని తొలగించిన క్రుంగుననియు షికాగో నగరమున చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపినది మొదలు నేటివరకు ఈ చికిత్సకు మూలము అదియే. మందు సత్తువ తీరిన కొలదిని హార్మోను మెల్లగా మరల తలయెత్తును, దానివెంట వ్యాధియు. గడువు కొలది దినములు దాటినంతనే గుండె చెదరనక్కరలేదు గాని, ఎముకలకు ప్రాకిన వ్యాధి గలవారు దానిని హద్దు లేక వాయిదా వేయుట ఎంతమాత్రమును తగదు. 2020లో, మెట్రో రైళ్లు మార్చి మొదలు సెప్టెంబరు వరకు నిలిచిపోయి, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగరు వాసులకు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రికి చేరుటయే మహాప్రయాసయైన ఆ దినములలో సైతము, లోకమందలి వైద్యులు ఇట్టివారి చికిత్స మానక రాకపోకలను మాత్రము తగ్గించిరి. నెలకొకసారి పొడుచు మందునకు మారుగా మూడు మాసములు, ఆరు మాసములు పనిచేయు మందు నిచ్చిరి. కావున నేడే ఆయన క్యాన్సరు డాక్టరునకు ఫోను చేసి, కరోనా వచ్చి తగ్గినదనియు గడువు దాటినదనియు చెప్పి, జనసమ్మర్దము లేని వేళ ఏదో కనుగొని, ఎన్-95 మాస్కు పెట్టించి తీసికొనిపొండు. ఆరు మాసముల ఇంజక్షను ఆయనకు కుదురునేమో కూడ అడుగుడు. ప్రోస్టేటు వ్యాధి స్థితిని తెలుపు పీఎస్‌ఏ రక్తపరీక్షను మాత్రము ఎపుడు చేయింపవలెనో డాక్టరునే అడుగుడు. కరోనా సోకినవేళ ఆ సంఖ్య తాత్కాలికముగా పెరుగవచ్చును, దానిని చూచి క్యాన్సరు ముదిరెనని ఆయన దిగులుపడుదురు.

పత్రికలో ఆయన చదివినది కల్ల కాదు గాని, ఆ వృత్తాంతము అక్కడితో ముగియలేదు. ఇటలీలోని వెనెటో ప్రాంతమున ప్రోస్టేటు క్యాన్సరు గలవారిలో, హార్మోను తగ్గించు చికిత్స పొందుచున్న 5,273 మందిలో కరోనా సోకినవారు నలుగురే యనియు, పొందని 37,161 మందిలో 114 మందికి సోకినదనియు 2020లో లెక్క వెలువడినది. దీనికి కారణమును ఊహించుట కష్టము కాలేదు. కరోనా వైరసు మన కణములోనికి జొరబడుటకు ముందు దాని ముల్లును కత్తెరవలె కత్తిరించి యిచ్చు టీఎంపీఆర్‌ఎస్‌ఎస్-2 అను ఎంజైము, ప్రోస్టేటు గ్రంథిలో ఈ పురుష హార్మోను ఆజ్ఞకు లోబడియే పుట్టును. హార్మోను తగ్గిన ఊపిరితిత్తులలోను కత్తెర తగ్గును, కత్తెర తగ్గిన వైరసునకు దారి మూయబడునని పండితులు ఆశపడిరి. ఆశ గొప్పదే, పరీక్షకు నిలువలేదు. కరోనాతో ఆసుపత్రిలో చేరిన 96 మంది అమెరికా మాజీ సైనికులలో కొందరికి డెగరెలిక్సు అను హార్మోను ఇంజక్షనును, తక్కినవారికి వట్టి ఉప్పునీటిని ఇచ్చి చూడగా, రెండు పక్షములకును భేదమేమియు లేదని 2022లో ప్రకటించిరి. స్వీడనులో, మీ వారు నిత్యము మ్రింగు ఎంజలుటమైడునే కరోనా రోగులకు ఇచ్చి చూచిరి. మేలు కలుగకపోగా, ఆ మందు తీసికొన్నవారే ఆసుపత్రిలో మరింత కాలము ఉండవలసివచ్చెను. తరువాత వచ్చిన ఒమిక్రాను ఆ కత్తెరపై అంతగా ఆధారపడక వేరుదారిని లోనికి పోగలదు. ఆయన బ్రతికి బయటపడుట మన అదృష్టమే, సందేహము లేదు. ఆ అదృష్టమును ఇంజక్షను ఖాతాలో వ్రాసి, ఇక జాగ్రత్తలతో పని లేదనుకొనుట ప్రమాదము. వయస్సు, షుగరు, ముదిరిన వ్యాధి, ఈ మూడును కరోనావేళ ఆయనకు ప్రతికూలములే, పైగా ఆ ఇంజక్షనే షుగరును కొంత పెంచును. టీకా విషయమున జంకు వలదు. మన నగరపు భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్ చంపిన వైరసుతో చేసినదే గాని బ్రతికియున్న దానితో కాదు, హార్మోను చికిత్స దానికి అడ్డును కాదు.

మీ జాబులో నన్ను మిక్కిలి కలవరపెట్టినది ఆ డాక్టరుగారి చీటీ. ఎంజలుటమైడు కాలేయమును పురికొల్పి అనేకములగు మందులను త్వరత్వరగా విరిచివేయించును. నిర్మాట్రెల్‌విర్ దానితో కలిసినపుడు రక్తములో నిలువవలసినంత నిలువదు. అందుచేతనే ఈ రెండును కలిపి వాడరాదని నిషేధము కలదు. ఒకపూట ఎంజలుటమైడు మానినను లాభము లేదు, దాని ప్రభావము వారముల తరబడి దేహమున నుండును. అనగా మీ వారు ఆ అయిదు దినములును తగిన మందు లేకయే జ్వరముతో పోరాడిరనవలెను. ఆ డాక్టరుగారి తప్పు ఇందులో లేశమైనను లేదు. సంగతి తెలిసియున్న వేరొక మందును యోచించియుందురు. ఒళ్ళునొప్పుల సంగతియు అట్టిదే. వెన్నులో వ్యాధి యున్నవానికి నడుమునొప్పి కొత్తగా హెచ్చినను, కాళ్లు బలహీనమై తడబడినను, మూత్రము బంధించినను అది వెన్నుపాము నలుగుచున్న గుర్తు కావచ్చును, ఆ పూటయే ఆసుపత్రికి చేర్పవలెను. క్యాన్సరు మాట వినని వైద్యుడు దానిని కరోనా నొప్పియని పంపివేయును.

కావున వైద్యుల యెదుట మీ ఒట్టు చెల్లదు, మీరు దానిని మన్నింపవలసిన పనియు లేదు. వ్యాధి పేరు, ఎముకల సంగతి, రెండు మందుల పేర్లు, కడపటి ఇంజక్షను తేది ఒక కాగితముపై వ్రాసి ఆయన జేబులో నొకటి, మీ సంచిలో నొకటి యుంచుడు. ఈసారి ఆయన కనుసైగ చేసినను ఆ కాగితమును డాక్టరు చేతికిండు.

మీ మరిది సంగతి ఆయన యిష్టము. కుమారుని విషయము అట్లు కాదు. తండ్రికి ఈ క్యాన్సరు వచ్చినపుడు కొడుకునకు వచ్చు అవకాశము ఇతరులకంటె సుమారు రెండింతలు. నలువది, నలువదియైదేండ్ల నడుమనే పీఎస్‌ఏ పరీక్షను గూర్చి వైద్యుని అడుగవలసినవాడు, ఆ మాట తెలియక ఎట్లు అడుగును? అయినను మీరు చాటుగా చెప్పవలదు. ఆయన సిగ్గు పడుచున్నది వ్యాధికంటె ఆ ఇంజక్షను తన పౌరుషమును హరించుటకేమో యని నాకు తోచుచున్నది. దానిని కొడుకుతో చర్చింపనక్కరలేదు, ఆ దుఃఖము మీ యిరువురిది. వ్యాధి పేరు, వచ్చిన వయస్సు, ఎముకలకు ప్రాకిన సంగతి చెప్పిన చాలును. అబ్బాయి ఈసారి సెలవులకు వచ్చునంతలో ఆయనయే చెప్పవలెననియు, చెప్పకున్న మీరు చెప్పుదురనియు నేడే ఆయనతో స్పష్టముగా అనుడు. అబ్బాయి వచ్చినపుడు తండ్రిని ఇంజక్షనుకు తీసికొనిపోవు పనిని అతనికే అప్పగింపుడు, అక్కడి డాక్టరుతో తన పరీక్షమాటయు అతడే అడిగి తెలిసికొనగలడు.