నడవలేని బాలలకు తొడుగు యంత్రములు

పాఠశాల విడిచిన పిమ్మట తోడి పిల్లలందరు పరుగెత్తి పోవుచుండగా, తల్లి వచ్చి ఎత్తుకొను వరకు అరుగుపైననే కూర్చుండు బిడ్డ అనేక గ్రామములందు కానవచ్చును. పూర్వము ఇందుకు ముఖ్యకారణము పోలియో వ్యాధి. మన దేశమున సహజ వైరసు వలన కలిగిన కడపటి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాలున బయటపడినది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశముతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతమును పోలియో రహితమని ధ్రువీకరించినది. ఇది మనము గర్వింపదగిన విజయము. అయినను, ఇతర కారణములచే నడువలేని బిడ్డలు నేటికిని గలరు.

ఇట్టి బిడ్డల కొరకు కొన్ని దేశముల శాస్త్రజ్ఞులు ఒంటికి తొడుగు యంత్రములను నిర్మించిరి. వీనిని గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము. తల్లిదండ్రులు ఈ యంత్రములను సెల్‌ఫోనులందు చూచి, “మా బిడ్డ కూడ నడుచునా?” అని మొదట మిమ్ములనే అడుగుదురు. వారికి లేనిపోని ఆశ కల్పింపరాదు. ఉన్న ఆశను త్రుంచివేయనూరాదు.

కాళ్ళు ఏల నడువవు?

బాలలలో నడక లోపమునకు ముఖ్యకారణము సెరిబ్రల్ పాల్సీ, అనగా మస్తిష్క పక్షవాతము. ప్రసవమునకు ముందుగాని, ప్రసవ సమయమునగాని, పుట్టిన కొలది కాలమునకుగాని శిశువు మెదడునకు దెబ్బ తగులుటచే ఇది కలుగును. నెలలు నిండకుండ పుట్టుట, పుట్టినప్పుడు ప్రాణవాయువు చాలకపోవుట, తీవ్రమైన పసికామెర్లు, మెదడువాపు మున్నగునవి ఇందుకు దారితీయవచ్చును. వీరి కాళ్ళలో లోపము లేదు. కాళ్ళకు మెదడు పంపు ఆజ్ఞ సరిగా అందదు. కండరములు బిగుసుకొనుటచే కొందరు మునివ్రేళ్ళపైనను, కొందరు మోకాళ్ళు వంచియు నడుతురు.

స్పైనల్ మస్క్యులర్ ఆట్రోఫీ యనునది మరియొక వ్యాధి. వంశపారంపర్యముగ సంక్రమించు జన్యు లోపముచే, కండరములను నడుపు వెన్నుపాము నాడీకణములు క్షీణించును. అందుచే కండరములు క్రమముగ బలహీనమగును. ఇవి పూర్వజన్మ పాపము వలనగాని, తల్లి చేసిన తప్పు వలనగాని కలుగునవి కావు. ఈ మాటను గ్రామమున పెద్దలు పలుమారు చెప్పవలెను.

యంత్రము పనిచేయు విధము

మనకు ఎముకలు లోపల, కండ పైన ఉండును. పీతకును రొయ్యకును గట్టి పెంకు పైననే ఉండి ఒడలిని నిలుపును. ఈ యంత్రమును అట్టి పై ఎముకల గూడనవచ్చును. నడుము మొదలు పాదము వరకు కాలి వెంబడి తేలికయైన లోహపు కడ్డీలు నిలిపి, పట్టీలతో బిగింతురు. తుంటి, మోకాలు, చీలమండ మున్నగు కీళ్ళకడ చిన్న విద్యుత్తు మోటారులుండును. కాలు ఏ కోణమున ఉన్నదో, పాదము నేలను తాకినదో లేదో కొలుచు సాధనములు ఆ సంగతిని ఒక చిన్న కంప్యూటరునకు తెలుపును. అది ఏ క్షణమున ఏ మోటారు ఎంత బలముతో తిరుగవలెనో నిర్ణయించును. విద్యుత్తు బ్యాటరీ నుండి అందును.

జపానులోని త్సుకుబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు యోషియుకి సంకాయి రూపొందించిన ‘హాల్’ అను యంత్రము వేరొక మార్గము అనుసరించును. మనిషి కాలు కదల్ప దలచినంతనే చర్మముపై కలుగు స్వల్ప విద్యుత్సంకేతమును అది పసిగట్టి, దాని ననుసరించి సాయపడును.

స్పెయిన్ దేశపు ప్రయత్నము

పెద్దలకు చేసిన యంత్రమును చిన్నదిగా చేసినంత మాత్రమున బాలలకు సరిపడదు. బిడ్డ ఎదుగుచుండును, కావున కడ్డీల పొడవు మార్చుటకు వీలుండవలెను. కండరముల బిగువు బిడ్డకును బిడ్డకును, రోజునకును రోజునకును మారును. యంత్రమును అందుకు తగినట్లు సర్దుకొనవలెను.

స్పెయిన్ జాతీయ పరిశోధన మండలికి చెందిన ఎలెనా గార్సియా అర్మాదా అను ఇంజనీరు ఈ చిక్కును చేపట్టెను. ఆమె మొదట పరిశ్రమలకు పనికివచ్చు రోబోలపై కృషిచేసినది. కారు ప్రమాదమున కాళ్ళుచేతులు చచ్చుబడిన ఒక బాలిక కుటుంబమును కలిసినది మొదలు, ఆమె దృష్టి పిల్లల వైపు మరలినది. 2016లో స్పైనల్ మస్క్యులర్ ఆట్రోఫీ గల బాలల కొరకు ఆమె బృందము ఒక యంత్రమును ప్రదర్శించినది. అల్యూమినియము, టైటానియము లోహములతో చేసిన దాని బరువు సుమారు 12 కిలోలు. దానినుండి అభివృద్ధి చెందిన ‘అట్లాస్ 2030’ యంత్రమునకు 2022లో యూరోపియన్ ఆవిష్కర్తల పురస్కారములలో ప్రజాదరణ బహుమతి లభించినది.

మోయునా, నేర్పునా?

యంత్రమే నడిపించినచో బిడ్డ కండరములు సోమరులు కావా యను సందేహము సహజము. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు దీనిని పరీక్షించి 2017లో ఫలితములు ప్రకటించిరి. మోకాళ్ళు వంచి నడచు మస్తిష్క పక్షవాతము గల 5 మొదలు 19 ఏండ్ల వయస్సువారు ఏడుగురు అందు పాల్గొనిరి. అడుగువేయునపుడు తగిన క్షణమున మోకాలు చాచుటకు యంత్రము తోడ్పడినది. వారిలో ఆరుగురి నడక భంగిమ మెరుగుపడినది. వారి కండరములు మానుకొనక యంత్రముతోపాటు పనిచేసినవి. పాల్గొన్నవారు కొందరే యైనను, ఇది విలువైన పాఠము. మన ఇండ్లలో తప్పటడుగుల బిడ్డకిచ్చు మూడు చక్రముల నడకబండి బిడ్డను మోయదు, ఊతమిచ్చును. మంచి యంత్రము చేయవలసిన పనియు అదియే.

యంత్రము చేయజాలనిది

ఈ యంత్రము మెదడునకు తగిలిన దెబ్బను మాన్పదు. అది మందు కాదు, సాధనము. మిక్కిలి ఖరీదైనది. నేటికి ఎక్కువగ ఆసుపత్రులందును చికిత్సాకేంద్రములందును శిక్షణ పొందినవారి పర్యవేక్షణలోనే వాడబడుచున్నది. కావున ‘యంత్రముతో నెలలో నయము చేయుదుము’ అను ప్రకటనలు నమ్మి పొలము తాకట్టు పెట్టవలదని తల్లిదండ్రులకు చెప్పుడు.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి గలదు. బిగుసుకొన్న కండరము, ఎదుగుచున్న ఎముకతో సమముగ సాగదు. ఏండ్ల తరబడి వ్యాయామము లేనిచో కీళ్ళు వంగినవి వంగినట్లే బిగిసిపోవును. అట్లు పూర్తిగ బిగిసిన కీలును ఎంత గొప్ప మోటారును చాచజాలదు. బలవంతపెట్టిన హాని కలుగును. రేపు యంత్రము మన జిల్లాకు వచ్చినను, నేడు కీళ్ళను కాపాడుకొన్న బిడ్డయే దానిని తొడుగగలుగును.

గ్రామమున చేయదగిన పని

నాలుగు నెలలు నిండినను మెడ నిలుపని శిశువును, తొమ్మిది నెలలు నిండినను కూర్చుండని శిశువును, పదునెనిమిది నెలలకును అడుగువేయని బిడ్డను వెంటనే వైద్యునకు చూపవలెను. ‘మేనమామకును ఆలస్యముగనే నడక వచ్చినది’ అని ఊరకుండరాదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకును పాఠశాలలకును వచ్చి పిల్లలను పరీక్షించును. లోపము కనిపించిన బిడ్డలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. బృందము వచ్చు దినమున ఇంటిలో దాచబడిన బిడ్డను కూడ తీసికొనివచ్చు పూచీ సభ్యులదే. భవిత కేంద్రములందు ప్రత్యేక అవసరములు గల బాలలకు విద్యయు, ఫిజియోథెరపీయు లభించును. అచ్చట నేర్పిన వ్యాయామములు ఇంటిలో ప్రతిదినము సాగవలెను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము, నలువది శాతమునకు తక్కువ కాని వైకల్యము గల 6 మొదలు 18 ఏండ్ల బాలలకు సమీప పాఠశాలలో ఉచితముగ చదువు హక్కు గలదు. నడక వచ్చు వరకు చదువు ఆగరాదు. పాఠశాల మెట్ల ప్రక్కన వాలుదారి కట్టునప్పుడు, ఒక అడుగు ఎత్తునకు పండ్రెండు అడుగుల పొడవుండునట్లు చూడవలెను. అంతకంటె నిటారుగ కట్టినది చక్రపు కుర్చీకి ఉపయోగపడదు.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన పంచాయతీలో నడువలేని బాలలు ఎందరు? వారిలో ఎందరు వైద్యుని చూచిరి?
2. వారిలో బడికి పోవువారెవరు, పోనివారెవరు? పోకపోవుటకు కారణమేమి?
3. బడి, అంగన్‌వాడీ, పంచాయతీ కార్యాలయములలో వాలుదారి సరియైన కొలతతో నున్నదా?
4. వ్యాయామము నేర్చుకొనుటకు బిడ్డను తీసికొనిపోవు తల్లికి ప్రయాణమున తోడ్పడువారెవరు?

యంత్రమును నిర్మించుట శాస్త్రజ్ఞుల పని. అది వచ్చు నాటికి బిడ్డను సిద్ధముగ నుంచుట గ్రామము పని. ఇందుకు కావలసినది పెద్ద ధనము కాదు. వయస్సు మించకముందే బిడ్డను గుర్తించు కన్ను.