యంత్రము – మితము

నిరాడంబర జీవనమంటే యంత్రాలను వెలివేయడం కాదు. గాంధీమహాత్ముని నడుమున వేలాడిన గడియారమే అందుకు సాక్షి. 1921లో మదురైలో కొల్లాయి ధరించి దుస్తులను తగ్గించుకొన్న ఆయన గడియారాన్ని మాత్రం విడువలేదు. కాలాన్ని వృథా చేయడమూ ఆయన దృష్టిలో దుబారాయే. ఒకవైపు వాడిన కాగితాన్ని పారవేయక, రెండవవైపున వ్రాసుకొనేవారు. 1924లో యంత్రాలను గూర్చి ప్రశ్న ఎదురైనప్పుడు, తాను వ్యతిరేకించేది యంత్రాలను కాదని, వాటిపై పెంచుకొన్న వ్యామోహాన్నేనని స్పష్టపరచి, కుట్టుమిషనును ప్రశంసించారు. 1929లో అఖిల భారత చరఖా సంఘం మేలైన రాట్నాన్ని రూపొందించినవారికి లక్ష రూపాయల బహుమతిని ప్రకటించింది.

నేటి సెల్‌ఫోనుకూ ఇదే గీటురాయి. చెడిన ఫోనును బాగుచేయించి వాడుకొనేవాడు దానికి యజమాని. కొత్తది వచ్చినదే తడవుగా పాతదానిని పారవేసేవాడు దానికి దాసుడు.