సీసాలో టీ

మనకు టీ అంటే పాలు పోసి కాచింది. వేడిగా ఉండాలి. చల్లారితే ముఖం చిట్లిస్తాం. అలాంటి టీని సీసాల్లో నింపి, మూత బిగించి, చల్లగా అమ్మి ఒక కుటుంబం పెద్ద కంపెనీ పెట్టింది. అది ఇండోనేషియా దేశంలో జరిగింది. ఆ టీ పేరు 'తేహ్ బోతోల్ సోస్రో'. వాళ్ల భాషలో తేహ్ అంటే టీ, బోతోల్ అంటే సీసా.

ఇండోనేషియా వేల దీవులున్న దేశం. అందులో జావా అనే దీవిలో జనం ఎక్కువ. అక్కడ చాలామంది టీలో పాలు పొయ్యరు. తేయాకుకు మల్లెపూల వాసన పట్టిస్తారు. ఆ ఆకును వేడినీళ్లలో వేసి, చక్కెర కలుపుకొని తాగుతారు. కొన్ని ఊళ్లలో మట్టి కూజాలో కాచి, పటికబెల్లం వేసుకొని తాగే అలవాటు ఇప్పటికీ ఉంది.

జావా నడిమి భాగంలో స్లావి అనే చిన్న ఊరుంది. 1940లో అక్కడ సోస్రోజోయో అనే ఇంటిపేరు గల కుటుంబం తేయాకు వ్యాపారం మొదలుపెట్టింది. పొట్లం మీద సీసా బొమ్మ వేశారు. అంటే 'సీసా గుర్తు టీ' అన్నమాట. పొట్లంలో ఉండేది ఎండు ఆకే. సీసా గుర్తు మాత్రమే. అక్షరం రానివాళ్లు కూడా బొమ్మను చూసి సరుకును పోల్చుకోగలరు కదా! మన అగ్గిపెట్టెల మీదా, బీడీ కట్టల మీదా బొమ్మలు అందుకే.

1965లో ఆ కుటుంబం రాజధాని జకార్తాకు వచ్చింది. పట్నంలో వాళ్ల టీ ఎవరికీ తెలియదు. తెలియని సరుకును ఎవరు కొంటారు? అందుకని సంతలకు పోయి, అక్కడే పొయ్యి పెట్టి, టీ కాచి ఉచితంగా రుచి చూపించారు. కానీ నీళ్లు మరగాలి, ఆకు నానాలి, టీ చల్లారాలి. అంతసేపు ఎవరుంటారు? వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోయారు.

సరే, ముందే కాచి పెద్ద పెద్ద గిన్నెల్లో పోసి, బండి మీద తీసుకుపోదాం అనుకున్నారు. దారంతా గోతులు. సంతకు చేరేసరికి చాలా టీ ఒలికిపోయింది. పాలబిందె సైకిలుకు కట్టుకొని పోయేవాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు.

మూడోసారి వాడేసిన పానీయాల సీసాలు తెచ్చి, శుభ్రంగా కడిగి, టీ నింపి తీసుకుపోయారు. ఒలకలేదు. అడిగిన వెంటనే ఇవ్వగలిగారు. అప్పుడు తట్టింది: ఆకు అమ్మడానికి ఇన్ని తిప్పలెందుకు? ఈ సీసానే అమ్మితే పోలా? ఇది 1969 నాటి మాట. 1974లో జకార్తా పక్కన బెకాసిలో ఫ్యాక్టరీ పెట్టారు. పొట్లం మీది గుర్తే సరుకు పేరైంది.

అయినా ఒక చిక్కుంది. అక్కడ చాలా హోటళ్లలో అన్నంతో పాటు చప్పటి టీ ఊరికే ఇస్తారు, మన దగ్గర మంచినీళ్లు ఇచ్చినట్టు. ఊరికే వచ్చేదాన్ని డబ్బులిచ్చి ఎవరు కొంటారు? కానీ అది వేడి దేశం. మండుటెండలో పని చేసి వచ్చినవాడికి చల్లటి, తియ్యటి సీసా చేతికిస్తే వద్దంటాడా? మెల్లగా అలవాటు పడ్డారు. బళ్ల దగ్గర, చిన్న కొట్లలో ఐసు పెట్టెలో ఈ సీసాలే. ఏ కంపెనీ సీసా టీ అయినా 'తేహ్ బోతోల్' అనడం జనానికి అలవాటైపోయింది.

ఆ సీసా గాజుది. 220 మిల్లీలీటర్లు పట్టేది. తాగి, ఖాళీ సీసా కొట్లోనే ఇచ్చెయ్యాలి. కంపెనీ దాన్ని తీసుకుపోయి, కడిగి, మళ్లీ నింపుతుంది. మన గోలీ సోడా లాగే. సీసా ఖర్చు ఒక్కసారి పెడితే చాలాసార్లు పనికొస్తుంది. ఊరూరి నుంచి ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చే బళ్లు, మనుషులు ఉన్నవాడిదే ఆ వ్యాపారం. కొత్తవాడికి అది తేలిక కాదు.

2000 తర్వాత కోకా కోలా, పెప్సీ కంపెనీలు కూడా అక్కడ సీసా టీ తెచ్చాయి. సోస్రో వాళ్లు భయపడలేదు. 318 మిల్లీలీటర్ల పెద్ద సీసాతో 'ఎస్-టీ' అని ఇంకో టీ దించారు. బయటి కంపెనీలు వాళ్లను కదిలించలేకపోయాయి.

కదిలించింది సొంత దేశం కంపెనీయే. 2011లో మయోరా అనే కంపెనీ 'తేహ్ పుచుక్ హారుమ్' తెచ్చింది. అదీ మల్లె టీయే. కాకపోతే ప్లాస్టిక్ సీసా. కొట్టు దగ్గర నిలబడి తాగి, సీసా ఇచ్చిపోయే పని లేదు. మూత బిగించి మోటారు సైకిలు మీద పెట్టుకు పోవచ్చు. అప్పటికి పట్నాల్లో వీధి వీధికీ చిన్న సూపర్ బజార్లు వచ్చాయి. అక్కడ నిలబడి తాగేదెవరు? ఖాళీ గాజు సీసాలు వెనక్కి తెచ్చేదెవరు? కొన్నేళ్లలోనే జనం ఎక్కువగా చెప్పే పేరు పుచుక్ అయింది. సోస్రో కూడా ప్లాస్టిక్ సీసాల్లో, అట్టపెట్టెల్లో టీ అమ్ముతోంది. నిన్నటిదాకా కోటగోడలా కాపాడిన గాజు సీసాయే వాళ్ల కాళ్లకు అడ్డం పడింది.

నాకు మాత్రం గాజు సీసాయే నచ్చుతుంది. ప్లాస్టిక్ సీసా తాగినవాడికి తేలిక, ఊరి కాలువకు బరువు. జావాలో సితారుమ్ అనే పెద్ద నదిలో ప్లాస్టిక్ చెత్త తెట్టెలు కట్టి తేలుతూ ఉండేది.

ఇప్పుడు ఒక లెక్క. ఒక కొట్టామె 24 గాజు సీసాల పెట్టె తీసుకుంది. సీసాకు 5 రూపాయల చొప్పున డిపాజిట్ కట్టింది. అన్నీ అమ్ముడుపోయాయి. సీసాకు 2 రూపాయలు మిగిలింది. అయితే 3 సీసాలు తిరిగి రాలేదు. ఆమె చేతికి చివరికి మిగిలిందెంత? ఇంకో సీసా కూడా పగిలితే?